ఎనభై అంగలు

పోయిన వారం అతుకులక్కని మోకాలి లోతు నీళ్ళలో, ఒక సిమెంటు దిమ్మ పక్కన నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. వారమంతా ఆవిడ అక్కడే ఉండిపోయిందని కంగారు పడకండి, ఆవిడకి అంత తీరిక లేదు. దిమ్మని చూసింది, ఒడ్డుకొచ్చింది, ఇంటికి పోయి గిన్నెలు తోముకుంది, మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం ఆ దిమ్మ సంగతేమిటో చెప్పి ముందుకి పోతాను.

ఆ ఊరు సర్ఫింగ్ మీద బతుకుతోంది. వాగు సముద్రంలో కలిసే చోట, ఒడ్డుకి కాస్త దూరంలో నీళ్ళ కింద ఒక ఇసుక మేట ఉంది. ఎక్కడి నుంచో వచ్చిన అల ఆ మేట ఎక్కి నిలబడి, ఒక పక్క నుంచి రెండో పక్కకి తీరిగ్గా విరుగుతుంది. బోర్డు మీద నిలబడ్డవాడు నిమిషం పాటు జారుతూ పోవచ్చు. ఆ నిమిషం కోసం దేశాలు దాటి జనం వస్తారు. వాళ్ళొచ్చాక వలల కొట్టు బోర్డులకి రాసే మైనం కొట్టయింది. మంగలి జుట్టుకి రంగులేయడం నేర్చుకున్నాడు. అరుగుల మీద కూర్చుని వానల గురించి వాదించుకునే ముసలాళ్ళు ఇప్పుడు అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లో వాదించుకుంటున్నారు. వాళ్ళలో ఒక్కడూ బోర్డెక్కిన పాపాన పోలేదు. విరిగిన బోర్డులకి అతుకులేసే పని మన అతుకులక్కది, ఆ పేరూ అలా వచ్చిందే.

ఏటా ఊళ్ళో పోటీలు జరుగుతాయి. మొదలయ్యేది పరుగుతో. ఒడ్డున ఎర్ర రంగు పూసిన ఒక గుంజ ఉంటుంది. బోర్డు చంకన పెట్టుకుని అందరూ దాని దగ్గర వరసగా నిలబడతారు. ఈల వేయగానే నీళ్ళ దాకా పరుగు. ముందు నీళ్ళు తాకినవాడిది మొదటి అల. గుంజ నుంచి పోటు నీళ్ళ గీత దాకా సరిగ్గా ఎనభై అంగలుండాలి. ఆ లెక్క పెట్టింది అతుకులక్క నాన్న. ఆయన పడవలు చేసేవాడు, ఊళ్ళో మొదటి బోర్డు పడవ చెక్కతో చేసిందీ ఆయనే. ఎనభై అంగలు పంతొమ్మిది సెకన్లలో పరిగెత్తిన రికార్డూ ఆయనదే. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఎవడూ దాన్ని కొట్టలేదు. కొట్టారో లేదో తేలాలంటే దూరం మారకూడదు కదా! అందుకని నీళ్ళు దగ్గరకొచ్చిన ఏడు, గుంజని పీకి వెనక్కి నాటేవాళ్ళు. ఒక ఏడు నాలుగంగలు, ఒక ఏడు ఆరు, తుఫానొచ్చిన ఏడు ఏకంగా పంతొమ్మిది. కొత్త చోట నాటాక రంగు పూసేది అతుకులక్క.

నాలుగేళ్ళ క్రితం ఒక సర్వే మేడమ్ వచ్చింది. ఆమె ఒక్కత్తికీ నలభై ఊళ్ళ తీరం. ప్రతి ఊళ్ళో కదలని గుర్తు ఒకటి చూపించమని, దాని నుంచి నీళ్ళ గీత దాకా ఏటా కొలిచి పంపమని అడిగింది. సర్ఫింగ్ క్లబ్బు వాళ్ళు గుంజని చూపించారు. కొలత ఎనభై. మరుసటేడు ఎనభై. ఆపై ఏడూ ఎనభై. కదలదు మరి, కదలకుండా చూసుకునేది వాళ్ళేగా!

ఆ ఎనభైని నమ్ముకున్న మేడమ్ వాళ్ళ ఆఫీసు కింది వీధికి ఏ ప్రమాదమూ లేదని రాసేసింది. గుంజ కంటే కిందికి, నీళ్ళ వైపు దిగే పంతొమ్మిది ఇళ్ళ కింది వీధిలో ఇప్పుడు పదకొండే మిగిలాయి. తొమ్మిది రోజుల క్రితం తెల్లవారుజామున దర్జీ ఇంటి ముందు గది సముద్రంలోకి కూలింది. సర్ఫర్ల రబ్బరు సూట్లు కుట్టే మనిషి అతను. ఇంట్లోవాళ్ళంతా బయటపడ్డాక, పరాయివాళ్ళ సూట్ల మూట ఉండిపోయిందని అతని భార్య మళ్ళీ లోపలికెళ్ళింది. మూడో రోజు దొరికింది. ఆ తర్వాత ఒక రోజు, నీళ్ళు బాగా వెనక్కి తగ్గిన వేళ, కుట్టుమిషను ముక్కైనా దొరుకుతుందేమోనని వెతుకుతూ అతుకులక్క ఆ దిమ్మని చూసింది. నాన్న మొదటిసారి గుంజ నాటినప్పుడు పోసిన దిమ్మ. పచ్చి సిమెంటు మీద వేలితో ఆయన రాసిన సంవత్సరం ఇంకా చెక్కుచెదరలేదు. దిమ్మ నుంచి ఇప్పటి గుంజ దాకా ఆవిడ అంగలేసుకుంటూ వచ్చింది. నూట పన్నెండు.

ఇంత చిన్న విషయం ఊరందరికీ ఇన్నేళ్ళు ఎలా తట్టలేదని మీరడగొచ్చు. ఊరికి గుంజంటే పరుగు మొదలయ్యే చోటు. ఆఫీసుకి గుంజంటే తీరం. రెండూ ఒకటే కర్ర అని ఎవరూ అనుకోలేదు. అలా తట్టనివాళ్ళలో, క్లబ్బు తరఫున ఏటా కొలత చెప్పే తన అన్నయ్య లేడేమోనన్న అనుమానమే అతుకులక్కని మూడు రోజులుగా తినేస్తోంది.

ఇవాళ పొద్దున అన్నయ్యే షెడ్డుకొచ్చాడు.

ఆవిడ ఒక బోర్డు పక్కన వంగి ఉప్పుకాగితంతో అతుకు నున్న చేస్తోంది. తెల్లటి పొడి మోచేతుల దాకా పట్టేసింది. ఊరంతా కోచ్ అని పిలిచే అన్నయ్య, పొడుగాటి నీలం బోర్డొకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"ముక్కు చితికింది. తోక దగ్గర పగులుంది, లోపలికి నీళ్ళు దిగినట్టున్నాయి. శనివారానికి అయిపోతుందా?"

"ఆరాలి కదా. తడి మీద అతుకేస్తే నిలవదు," అంది ఆవిడ తలెత్తకుండా. తర్వాత ఉప్పుకాగితం పక్కన పెట్టి, నీలం బోర్డు ముక్కుని వేళ్ళతో తడిమింది. "అన్నయ్యా, నాన్న దిమ్మ బయటపడింది."

"ఏ దిమ్మ?"

ఆ ఒక్క మాటతో అతుకులక్కకి సంగతి అర్థమైపోయింది. తెలియనివాడైతే 'ఎక్కడ?' అని అడుగుతాడు. దిమ్మంటే ఏ దిమ్మో ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పాలా?

"నూట పన్నెండు అంగలు. మూడుసార్లు వేసి చూశాను."

"నీ అంగలు చిన్నవి."

"అయితే పద, నీ అంగలేద్దాం."

ఆయన వెనక్కి జరిగి అతుకులకి వాడే రెజిన్ జిగురు డబ్బా మీద కూలబడ్డాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఎండకి మాడి చెక్కలా ఉంటాడు. ఎంత పెద్ద అలలోనైనా దూకేస్తాడని పిల్లలు కథలుగా చెప్పుకుంటారు.

"తలుపు వెయ్యి," అన్నాడు.

"వెయ్యను. ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"తెలుసని కాదు..."

"నీళ్ళు నమలకు. ఎప్పటి నుంచి?"

"మేడమ్ వచ్చిన రోజు నుంచే." ఆయన చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "గుంజ చూపించినప్పుడు నాకూ తట్టలేదు, నిజం. ఆమె బస్సెక్కి వెళ్ళిపోయాక, రంగు డబ్బా తీసుకుని నువ్వొచ్చావు చూడు, అప్పుడు తట్టింది. పోయినేడు నువ్వు రంగు పూసింది ఇక్కడ కాదు కదా అనిపించింది. మర్నాడు ఫోను చేద్దామనుకున్నా. చేయలేదు. సంవత్సరం తిరిగాక ఆమే చేసింది. 'గుంజ కదల్లేదు కదా?' అంది. 'లేదు మేడమ్' అన్నా."

"ఎన్నిసార్లు అన్నావు?"

"ఏడాదికోసారి."

అతుకులక్క చేతులకి అంటిన పొడిని చీరకి తుడుచుకుంది, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"ఇసుక తిరిగొస్తుందనుకున్నానే అమ్మడూ," అన్నాడు ఆయన. "చిన్నప్పుడు వచ్చేది కాదూ? చలికాలం సముద్రం ఒడ్డంతా కోసుకుపోయేది, ఎండాకాలానికి మళ్ళీ తెచ్చి పోసేది. ఒక ఏడు చూశా. రెండేళ్ళు చూశా. వాగు మీద పైన ఆనకట్ట కట్టాక కొత్త ఇసుక దిగడం మానేసింది. నీళ్ళు చూస్తే ఏటేటా పైకే."

"మరి పోయిన ఇసుకంతా ఏమైంది?"

ఆయన కిటికీలోంచి వేలు చూపించాడు. బయట, దూరంగా, మధ్యాహ్నపు పోటుకి ముందు వచ్చే అల పచ్చగా లేచి విరుగుతోంది. ముగ్గురు నలుగురు దాని మీద జారుతున్నారు. ఎవరిదో కేక ఇక్కడి దాకా వినిపించింది.

"మేట మీదకి పోయింది. ఆరేళ్ళుగా అల ఎందుకంత బాగుపడిందనుకున్నావు? ఎవరెవరో వచ్చి ఫొటోలు తీసుకుంటుంటే మనమేదో పుణ్యం చేసుకున్నామని మురిసిపోయాం. అది మన ఒడ్డేనే. కింది వీధి వాళ్ళ వాకిళ్ళే అక్కడికెళ్ళి పడుకున్నాయి. మనం వాటి మీదెక్కి ఆడుతున్నాం."

అతుకులక్కకి ఆ ఆరేళ్ళూ కళ్ళముందు తిరిగాయి. పోటీలకి వచ్చే జనం రెట్టింపయిన ఏడు ఆవిడ కొత్త సానపట్టే మిషను కొనుక్కుంది. అందరికీ టీలు పోయించింది. అల ఇంకాస్త పొడుగైందని చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆవిడా ఉంది, దర్జీ భార్యా ఉంది. తలుచుకుంటే ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టైంది.

"దర్జీ ఎన్ని అర్జీలు పెట్టాడు?"

"ఎందుకే ఇప్పుడు..."

"ఎన్ని?"

"మూడు."

"జవాబేమొచ్చింది? తీరం కదలలేదు, మీ గోడల్లోనే లోపముండొచ్చు, మేస్త్రీకి చూపించుకోండి అని వచ్చింది. ఆ కాగితం చదివి ఊరంతా ఆఫీసుని నోటికొచ్చినట్టు తిట్టాం. నువ్వు ముందు నడిచి తిట్టావు. ఏ మొహం పెట్టుకుని నడిచావన్నయ్యా?"

"చెబితే ఏమవుతుందో తెలుసా నీకు?" ఆయన గొంతు పెరిగింది. "ఒడ్డు మూసేస్తారు. పోటీలుండవు. రాళ్ళ గోడ కడతారు. గోడకి కొట్టుకుని వెనక్కి పోయే నీళ్ళకి మేట చెదిరిపోతుంది. అల చచ్చిపోతుంది. చేపలు ఎప్పుడో పోయాయి, అల కూడా పోతే ఈ ఊళ్ళో ఏముంటుంది? ఎవరు తెస్తారు నీకీ బోర్డులు? కింది వీధి వాళ్ళు ఏం తింటారు? ఆ దర్జీ ఎవరికి కుట్టిపెడతాడు సూట్లు?"

"ఆవిడ పోయింది."

"తెలుసు."

"ఆవిడ పోయిందన్నయ్యా."

"తెలుసే! తెలీకనా?" ఒక్కసారిగా లేచాడు. "రెండు రోజులు ఎవరు వెతికారు? ఎవరికి దొరికింది? ఆవిణ్ణి దీని మీదే కదా ఒడ్డుకి తెచ్చాను," అంటూ బల్ల మీది నీలం బోర్డుని అరచేత్తో కొట్టాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

అతుకులక్క ఆ బోర్డు వంక చూడలేకపోయింది. ఇందాక దాని ముక్కు ఎంత చితికిందోనని వేళ్ళతో తడిమి చూసిన మాట గుర్తొచ్చి, వెళ్ళి కుళాయి కింద చేతులు కడుక్కుంది. దుఃఖం కంటే ముందు కోపమొచ్చింది, కోపం కంటే ముందు ఈ మనిషి మీద జాలేసింది. అన్నిటికంటే అసహ్యం తన మీద వేసింది. గుంజ పీకిన ప్రతి ఏడూ గొయ్యి తవ్వడానికి పార అందించింది తనేగా. కళ్ళుండీ చూడలేదు.

"నాలుగింటికి స్కూలు హాల్లో మీటింగు," అంది తుడుచుకుంటూ. "ప్రభుత్వం గుట్ట మీద ఇచ్చే ఇళ్ళకి ఎవరిని పంపాలో ఆ జాబితా ఇవాళ మూసేస్తారట. ఇవాళ ఎక్కని పేరు మళ్ళీ ఏడాదికి గానీ ఎక్కదు. వచ్చే బుధవారం పెద్ద పోటు. పదకొండు ఇళ్ళున్నాయి, ఆ చివరిది పిన్నిది. నువ్వే లేచి చెప్పాలి."

ఆయన బల్ల అంచున పేరుకున్న తెల్లటి పొడిని గోటితో గీకాడు.

"పిన్ని ముందరా?" అన్నాడు ఆఖరికి, పదేళ్ళ పిల్లాడిలా.

"పిన్ని కోసమే."

"సరే."

"సరే అంటే?"

"చెబుతానన్నాగా. ప్రాణం తీయకు."

ఆయన వెళ్ళిపోయాడు. బోర్డు అక్కడే ఉంది. ఆవిడ దాని మీద పాత దుప్పటి కప్పింది.

మూడున్నరకి పిన్నిని తీసుకురావడానికి కింది వీధికి వెళ్ళింది. అమ్మ పోయాక ఈ ఇద్దరినీ పెంచింది పిన్నే. డెబ్బై నాలుగేళ్ళు, పాము చెవులు, మోకాళ్ళు మాత్రం మాట వినవు. దర్జీ ఇంటి ముందు గది పోయాక వీధి చివర నిలిచిన ఇల్లు ఆవిడదే. వంటింటి నేల సముద్రం వైపు వాలిపోయింది. అలమార తలుపు దానంతటదే తెరుచుకుంటుంటే, సర్ఫర్లు కాలికి కట్టుకునే తాడొకటి ముడేసి కట్టేసింది. నేల మీద పగులుకి అడ్డంగా పళ్ళెం బోర్లించింది.

"పళ్ళెం ఎందుకు పిన్నీ?"

"వచ్చేపోయేవాళ్ళు దాన్నే చూస్తున్నారే, నన్ను చూడట్లేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు అతుకులక్కకి. మంచం వంటింట్లోకి చేరింది. వెనక గదిలో నీళ్ళ చప్పుడు మరీ చెవిలో మాట్లాడినట్టుందట.

"నువ్వు మా ఇంటికి వచ్చేయకూడదూ? ఎన్నాళ్ళుగా అడుగుతున్నాను."

"ఆ రెజిన్ కంపులో నేనుండలేను తల్లీ. అయినా నాకేం? కోచ్ స్వయంగా కొలిచి ఎనభై ఉంది పిన్నీ అన్నాడు. వాడు చిన్నప్పుడు బెల్లం ముక్క దొంగిలించినా నా దగ్గరకొచ్చి చెప్పేసేవాడు. వాడి మాట మీదే ఉన్నాను."

అతుకులక్క మాట్లాడకుండా వంగి ఆవిడ చెప్పులు సరిచేసింది. కూర్చోవడానికి మెత్త ఒకటి చంకన పెట్టుకుని, "స్కూలు బెంచీలు నా నడుముకి పడవు," అని సణుగుతూ పిన్ని బయల్దేరింది. తాళం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసింది. ఆ ఇంట్లో దొంగలెత్తుకుపోయేది ఏదో ఉందని కాదు, డెబ్బై ఏళ్ళ అలవాటు.

స్కూలు హాలు చిన్నది. పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. ముందు బల్ల దగ్గర ఆఫీసరు, పక్కన సర్వే మేడమ్. మేడమ్‌కి ముప్పై కూడా ఉండవు. కళ్ళ కింద నల్లటి చారలు, ముందర కంప్యూటరు. అన్నయ్య మొదటి వరసలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని వచ్చాడు. అది చూసి అతుకులక్కకి ప్రాణం లేచొచ్చింది. చెప్పదలచుకున్నవాడే అలా తయారై వస్తాడనుకుంది. పిన్నిని రెండో వరసలో కూర్చోబెట్టి తను పక్కన కూర్చుంది. దర్జీ ఎక్కడున్నాడా అని వెనక్కి చూసింది. ఆఖరి బెంచీలో, తలుపు పక్కన, ఇద్దరు తమ్ముళ్ళ మధ్య ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఎవరి వంకా చూడటం లేదు.

పై వీధి వాళ్ళ గొడవలు అరగంట నడిచాయి. ఆ తర్వాత మేడమ్ గొంతు సవరించుకుంది.

"కింది వీధి. జరిగినదానికి మాకూ చాలా బాధగా ఉంది. కానీ జాబితాలోకి ఎక్కాలంటే తీరం వెనక్కి వచ్చినట్టు కొలత చూపించాలి. ఇక్కడ నాలుగేళ్ళుగా ఎనభైయే ఉంది. క్లబ్బు తరఫున ఎవరు? కోచ్ గారూ, ఈ ఏడు కొలత చెబుతారా?"

అన్నయ్య లేచాడు. బెంచీ అంచు పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి ఒక్కసారి పిన్నిని చూశాడు. పిన్ని, బడిలో పద్యం చెప్పబోయే పిల్లాణ్ణి చూసినట్టు, నవ్వుతూ తలూపింది.

"ఎనభై," అన్నాడు.

కూర్చున్నాడు.

మేడమ్ వేళ్ళు టకటకా కొట్టాయి. ఆఫీసరు కాగితం తిప్పాడు. ఒక్క క్షణంలో అయిపోయింది. పదకొండు ఇళ్ళ తలరాత అంత తొందరగా అయిపోయింది. అతుకులక్క ఎప్పుడు లేచి నిలబడిందో ఆవిడకే తెలియదు.

"తప్పు మేడమ్. ఆ గుంజ కదలని గుంజ కాదు."

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ చెప్పింది. పరుగు పందెం సంగతి, రికార్డు సంగతి, నీళ్ళు దగ్గరకొచ్చినప్పుడల్లా గుంజని పీకి వెనక్కి నాటిన సంగతి, నీళ్ళలో బయటపడ్డ దిమ్మ సంగతి. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి గానీ అందరికీ అర్థమైంది. "దిమ్మ నుంచి గుంజకి నూట పన్నెండు అంగలు. కావాలంటే రేపు నీళ్ళు తగ్గినప్పుడు రండి, నేనే చూపిస్తాను."

మేడమ్ వేళ్ళు కంప్యూటరు మీద ఆగిపోయాయి. "నూట పన్నెండా?" అంది మెల్లగా. "నేను... నేను ఏటా ఫోను చేసి మరీ అడిగాను. గుంజ కదల్లేదు కదా అని. కదల్లేదనే చెప్పారు." ఆమె చూపు మొదటి వరస వైపు మళ్ళింది.

"ఎవర్రా జరిపింది?" పిన్ని గొంతు ఖంగుమంది. పక్కన మెత్త కింద పడింది. "మా వీధి పక్క గుంజని జరిపిందెవరు? కోచ్, నువ్వు చూస్తూ ఉన్నావా?"

అన్నయ్య సగం లేచాడు. పెదవులు కదిలాయి. అప్పుడు అతుకులక్క మూడింటినీ ఒకేసారి చూసింది. పిన్ని మొహం, ఇంకా వాణ్ణి నమ్ముతూనే ఉన్న మొహం. వెనక బెంచీలోంచి పిడికిళ్ళు బిగించి లేచిన దర్జీ తమ్ముళ్ళు. ఆ మధ్యలో, చెక్కలాంటి ఆ మనిషి మళ్ళీ బెంచీ అంచు పట్టుకోవడం.

"నేనే పిన్నీ," అంది. "గొయ్యి తవ్వింది నేను. రంగు పూసింది నేను. కొలత నాది. అన్నయ్య సంతకం పెట్టాడంతే. ఫోన్లో మేడమ్‌కి అలా చెప్పమన్నదీ నేనే."

అని ఆగింది. ఆయన కాదంటాడని ఆగింది. ఇందాక చేసిన తప్పు, నాలుగేళ్ళ తప్పు, అన్నీ సరిదిద్దుకోవడానికి ఆయనకి కావలసినంత సమయం ఇచ్చింది. ఎవరో దగ్గారు. ఎవరో బెంచీ జరిపారు. అన్నయ్య మెల్లగా, కాలి కింద చీమ కూడా నలగకూడదన్నట్టు, కూర్చున్నాడు. తల వంచుకున్నాడు. అతుకులక్కకి ఏడుపు కూడా రాలేదు. లోపలంతా ఎవరో గీకి ఖాళీ చేసినట్టుంది.

పిన్ని, అప్పటిదాకా పట్టుకునున్న ఆవిడ చెయ్యి వదిలేసింది.

"పదకొండు ఇళ్ళూ ఎక్కించండి సార్," అంది మేడమ్ ఆఫీసరుతో. "ఇప్పుడే ఎక్కించండి."

ఆఫీసరు పెన్ను తీశాడు. అంతా అయిపోయిందనే అనుకున్నారు. అప్పుడు ఆఖరి బెంచీ దగ్గర దర్జీ లేచాడు. తమ్ముళ్ళిద్దరూ చెరో చెయ్యీ పట్టుకుంటే విడిపించుకున్నాడు. అరవలేదు. తొమ్మిది రోజులుగా ఎవరూ వినని ఆ గొంతు, జ్వరం తగ్గినవాడి గొంతులా బలహీనంగా ఉంది.

"అక్కా, ఒక్క మాట. పోయిన నెల నేను ఇల్లు ఖాళీ చేద్దామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆఫీసువాళ్ళు పంపిన కాగితం తెచ్చి చూపించింది. చదువుకున్నవాళ్ళు కొలిచి రాశారు, నీకంటే తెలియదా వాళ్ళకి, ఎనభై ఉందంటున్నారుగా అంది. ఆ కాగితాన్ని మడిచి మిషను సొరుగులో దాచింది."

ఎలా మడిచిందో అతను గాలిలో వేళ్ళతో చూపించాడు.

"ఆ ఎనభై నువ్వు తెలియక చెప్పావా అక్కా, తెలిసే చెప్పావా?"

తెలియక అంటే, మరి తెలిసినవాడెవడన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఆ ప్రశ్న మొదటి వరసకి నాలుగడుగుల దూరంలో ఉంది. అతుకులక్క అన్నయ్య వీపు చూసింది. ఇస్త్రీ చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. ఆయన ఇటు తిరగలేదు.

"తెలిసే," అంది.

దర్జీ వెనక్కి తిరిగి, హాలు తలుపు రెక్కలు రెండూ దగ్గరకి లాగి, ఎవరూ బయటికి పోకుండా లోపలి నుంచి గడియ పెట్టాడు.